మేడలు లేని రాజధానులు

పాలెగాళ్ల సీమ – 7వ భాగం
చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి: మొదటిసారి వెళ్లేవారు చూసి తీరవలసినవి

గత భాగంలో రక్కసి తంగడి యుద్ధం దగ్గర ఆగాం. 1565 జనవరి 23న విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు యుద్ధభూమిలో నేలకొరిగాడు. తమ్ముడు తిరుమలరాయలు రాజపరివారాన్ని, ఖజానాను వెంటబెట్టుకుని హంపి వదిలి పెనుకొండ చేరాడు. తర్వాత రాజధాని చంద్రగిరికి మారింది, అక్కణ్ణుంచి వేలూరికి పోయింది. ఇలా సింహాసనం ఊరూరా తిరుగుతున్న రోజుల్లో, పెనుకొండకు దక్షిణాన ఉన్న కొండలసీమలో చిన్న చిన్న రాజధానులు చాలా కాలం నిలిచాయి. వాటిలో కొన్ని హంపి కూలకముందే పుట్టాయి. హంపి పేరు చెప్పుకుని పెరిగాయి, హంపి పోయాక తమ కాళ్లమీద తాము నిలబడ్డాయి. ఆ రాజధానుల్ని ఏలినవాళ్లే పాలెగాళ్లు.

నేటి లెక్కన ఆ సీమ కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా. 2007లో కోలారు నుంచి విడదీసి దీన్ని జిల్లా చేశారు. బడిలో కన్నడం, కచేరీలో కన్నడం. ఇంట్లో, సంతలో, పొలంగట్టు మీద మాత్రం ఊళ్లకు ఊళ్లు తెలుగే మాట్లాడతాయి. బాగేపల్లివాళ్ల పెళ్లి సంబంధాలు కదిరికీ హిందూపురానికీ ఎప్పటినుంచో సాగుతున్నాయి. బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఈ సీమ నడుమనుంచే పోతుంది. రోజూ వేలమంది తెలుగువాళ్లు ఆ దారిన బస్సుల్లో, కార్లలో వెళ్తుంటారు. ఎక్కువమంది నంది కొండ దగ్గర ఒక పూట ఆగి, ఒక ఫొటో దిగి, ముందుకు సాగిపోతారు. వాళ్లు దాటిపోతున్నది కనీసం మూడు పాత రాజధానుల నేల. ఈ భాగం వాళ్లకోసం రాస్తున్నాను.

రాజధాని చూడటానికి వెళ్లేవారి కళ్లు మేడకోసం వెతుకుతాయి. మైసూరులో మేడ ఉంది, గోలకొండలో దర్బారు గోడలున్నాయి. ఈ సీమలో అలాంటివి దొరకవు. పాలెగాడి నివాసం మట్టిగోడలతో, కర్ర దూలాలతో కట్టిన ఇల్లు. వానలకు, యుద్ధాలకు అది నిలవలేదు. నిలిచినవి మూడే: కొండ, చెరువు, గుడి. శత్రువు వచ్చినప్పుడు ఎక్కి నిలబడటానికి కొండ. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని నేలలో జనం బతకడానికి చెరువు. పంట లెక్కా, పండగ లెక్కా, ఊరి మర్యాదలూ ఒకచోట కలవడానికి గుడి. ఈ మూడూ ఒకదానికొకటి కూతవేటు దూరంలో కనిపించిన చోట ఆగండి. అక్కడ ఒకప్పుడు ఒక రాజ్యం ఉండేది. ఈ సీమ చరిత్రను చదవడానికి నాకు తెలిసిన దారి ఇదే. ఈ దారినే మిమ్మల్ని తీసుకెళ్తాను.

మొదట నంది గుడి, తర్వాతే నంది కొండ

నంది కొండ పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ కొండ పాదాన నంది అనే ఊళ్లో ఉన్న భోగనందీశ్వర ఆలయాన్ని చూసినవాళ్లు అంతకంటే చాలా తక్కువ. మీరు మొదట అక్కడికే వెళ్లండి. కారణముంది. ఈ సీమలో రాజ్యాలు ఎలా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయో ఒకే ప్రాకారంలో చూపించే తావు ఇంకొకటి లేదు.

ఇక్కడి శాసన సాక్ష్యం 9వ శతాబ్దపు తొలి దశాబ్దం దాకా వెళ్తుంది. నొళంబుల పేరు, రాష్ట్రకూట మూడవ గోవిందుడి పేరు, బాణరాజుల పేరు ఆ శాసనాల్లో వస్తాయి. బాణరాణి రత్నావళి ఈ గుడి కట్టించిందని చెబుతారు. తర్వాత గంగులు, చోళులు, హొయ్సళులు, విజయనగర రాజులు వరసగా వచ్చారు. వచ్చినవాళ్లెవరూ ముందువాళ్లది కూల్చలేదు. ఒకరు మంటపం చేర్చారు, ఒకరు ప్రాకారం చేర్చారు, ఒకరు కోనేరు చేర్చారు.

లోపల రెండు గుళ్లు పక్కపక్కన అచ్చం జంటగా నిలబడి ఉంటాయి. దక్షిణాన అరుణాచలేశ్వరుడు, ఉత్తరాన భోగనందీశ్వరుడు. రెంటి నడుమ చిన్నదిగా ఉమామహేశ్వరుడి గుడి, దాని ముందు నల్లరాతి కల్యాణ మంటపం. ఆ మంటపం స్తంభాల దగ్గర తొందరపడకండి. తీగలు, చిలకలు, పెళ్లి సందడి రాతిలో ఎంత సన్నగా తీర్చారో చేత్తో తాకకుండా కళ్లతోనే చూసి తృప్తి పడండి. ఊరివాళ్లు చెప్పే క్రమం ఒకటుంది. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యం, భోగనందీశ్వరుడు సంసారజీవితం, కొండమీది యోగనందీశ్వరుడు వైరాగ్యం. అందుకే కింద పెళ్లి మంటపం ఉంది, పైన లేదు. ఉత్సవాలన్నీ కింది స్వామికే.

ఆవరణ వెనకభాగంలో శృంగితీర్థం అనే కోనేరుంది. నాలుగువైపులా మెట్లు, చుట్టూ స్తంభాల మంటపం. చాలామంది పెద్ద గుళ్లు చూసి వెనక్కి తిరిగిపోతారు, ఈ కోనేరు దాకా రారు. మీరు రండి. కొండమీద పడిన వాన ఎటు దిగుతుందో, దాన్ని ఊరు ఎలా పట్టుకుని దాచుకుందో ఇక్కడి మెట్ల మీద కూర్చుంటే తేలిగ్గా అర్థమవుతుంది. శివరాత్రికి ఇక్కడ రథోత్సవం జరుగుతుంది, పశువుల జాతర కూడుతుంది. కర్ణాటక నుంచీ ఆంధ్ర నుంచీ రైతులు ఎద్దుల జతల్ని తోలుకొస్తారు. రాజులెవరూ మిగలకపోయినా రాజ్యం మొత్తం ఒకచోట కూడే రోజు అది.

కొండమీది యుద్ధం

ఇప్పుడు కొండ ఎక్కండి. ఎత్తు 1,478 మీటర్లు. తెల్లవారకముందే పైకి చేరితే మబ్బు కాళ్లకింద ఉంటుంది. శని, ఆదివారాల్లో బెంగళూరు మొత్తం ఇక్కడే ఉందా అనిపిస్తుంది కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మేలు.

కోటగోడలు మొదట చిక్కబళ్ళాపురం పాలెగాళ్లవి. హైదరాలీ, టిప్పు సుల్తాను వాటిని బలపరిచారు. మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సేనాని లార్డ్ కార్న్‌వాలిస్ టిప్పు రాజధాని శ్రీరంగపట్నం మీదికి పోవాలంటే వెనక ఈ కొండను శత్రువు చేతిలో వదిలి పోలేడు. సరఫరా దారి మొత్తం దీని చూపులో ఉంది. అందుకే ముట్టడి వేశాడు. నిటారు బండల మీదికి ఫిరంగుల్ని లాగడమే పెద్ద యుద్ధమైంది. 21 రోజులు ముట్టడించి, గుండ్లతో గోడకు గండి కొట్టి, 1791 అక్టోబరు 19న జనరల్ మెడోస్ నాయకత్వంలో వెన్నెల వెలుగులో పైకెక్కారు. కోటలోనివాళ్లు పెద్ద పెద్ద బండల్ని దొర్లించి ఆపజూశారు. ఆగలేదు. ఎక్కలేమనుకున్న కొండ చేజిక్కింది. అయిదు నెలలు తిరగకుండానే, 1792 మార్చిలో, టిప్పు సగం రాజ్యం వదులుకునే సంధి మీద సంతకం పెట్టాడు.

కొండమీద మూడు చూడండి. ఒకటి యోగనందీశ్వరుడి గుడి. రెండోది మైసూరు కమిషనరు మార్క్ కబ్బన్ వేసవి విడిదిగా కట్టుకున్న బంగళా. మహాత్మా గాంధీ 1927లో జబ్బుపడినప్పుడు, మళ్లీ 1936లో, ఈ కొండమీదే విశ్రాంతి తీసుకున్నారు. మూడోది అమృత సరోవరం. ఇంత ఎత్తున, బండల నడుమ, మెట్లు కట్టి తీర్చిన నీటి మడుగు అది. టిప్పు డ్రాప్ అనే కొండచరియ దగ్గర జనం మూగి ఉంటారు, సరోవరం దగ్గర పలచగా ఉంటారు. కోట ఎన్నాళ్లు నిలబడగలదో తేల్చేది మాత్రం ఈ నీళ్లే. తిండి నెలకు సరిపడా దాచుకోవచ్చు, నీళ్లు లేకపోతే మూడోరోజు తలుపు తెరవాల్సిందే.

ఇంకొక మాట తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కొండల వరసే మన పెన్నానదికి పుట్టిల్లు. నందికి పక్కనున్న చెన్నకేశవ కొండమీద ఉత్తర పినాకిని పుట్టి, గౌరిబిదనూరు, హిందూపురం, అనంతపురం, కడప సీమల మీదుగా 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి కూడా ఈ కొండల్లోనే పుట్టి, బాగేపల్లి పక్కనుంచి పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. రాయలసీమ రైతు ఆకాశం చూసే రోజుల్లో, ఆ మబ్బు మొదట ఆగవలసింది ఈ కొండల మీదే. నంది కొండ ఎక్కిన తెలుగువాడు పరాయి రాష్ట్రంలో విహారానికి వచ్చానని అనుకోనక్కర్లేదు. తన పొలం గట్టుకు నీళ్లు బయల్దేరే చోట నిలబడ్డాడు.

కుందేలు ఎదురు తిరిగిన ఊరు

నంది నుంచి చిక్కబళ్ళాపురం పది కిలోమీటర్ల లోపే. ఈ ఊరు పుట్టుక తెలుసుకోవాలంటే ఆవతి కథ వినాలి.

కంచి ప్రాంతం నుంచి మొరసు ఒక్కలిగ కులానికి చెందిన ఏడు కుటుంబాలు ఎడ్లబండ్లెక్కి రాత్రికి రాత్రి బయల్దేరాయట. వాళ్ల పెద్ద రణభైరేగౌడ. ఆయన కూతురు దొడ్డమ్మను ఇమ్మని అక్కడి దొర బలవంతపెట్టాడు. ఇవ్వడం ఇష్టంలేక పారిపోతుంటే ఎదురుగా పాలారు పొంగి పారుతోంది. దొడ్డమ్మ చెవి కమ్మ తీసి గంగమ్మకు సమర్పిస్తే ఏరు చీలి దారి ఇచ్చిందట. అలా వచ్చి దేవనహళ్లి దగ్గర ఆవతిలో గుడిసెలు వేసుకున్నారు. ఆ వంశంవాళ్లే తర్వాత దేవనహళ్లి, చిక్కబళ్ళాపురం ఏలారు. బెంగళూరు కట్టిన కెంపేగౌడ వంశం కూడా ఆవతివాళ్లతో చుట్టరికం చెప్పుకుంటుంది. ఈ కథలో ఒకటి గమనించండి. ఈ దొరల మూలపురుషులు కత్తి పట్టుకుని కాదు, నాగలి కట్టుకుని వచ్చారు. ఆడపిల్ల మానం కాపాడుకోవడానికి ఊరు వదిలారు. వంశకథలో మొదటి వరమిచ్చింది నీళ్లే.

15వ శతాబ్దం చివర, 1479 ప్రాంతంలో, ఆవతి మల్లభైరేగౌడ కొడుకు మరిగౌడ వేటకు పోతే ఒక కుందేలు వేటకుక్కలకు ఎదురు నిలబడిందట. ఈ మట్టిలోనే పౌరుషముందని తలచి, విజయనగర రాయల అనుమతి తెచ్చుకుని, అక్కడ కోటా పేటా కట్టించారు. ఇలాంటి కుందేలు కథ దక్షిణాదిలో ఇంకొన్ని రాజధానులకూ ఉంది. హంపికీ ఉంది. చిన్న దొర తన ఊరికి పెద్ద రాజధాని కథను తెచ్చి పెట్టుకున్నాడంటే, తన ఊరిమీద తనకెంత ఆశ ఉండేదో తెలుస్తుంది.

ఆ ఆశ దాదాపు మూడు వందల ఏళ్లు నిలిచింది. మైసూరు రాజులు పైకి వస్తే మరాఠాల సాయంతో తిప్పికొట్టారు. 1762లో, చిక్కప్ప నాయకుడు ఏలుతుండగా, హైదరాలీ వచ్చి మూడు నెలలు ముట్టడించాడు. అయిదు లక్షల వరహాలు ఇస్తానని నాయకుడు ఒప్పుకుంటే సైన్యం వెనక్కి తగ్గింది. అంతలో గుత్తి మరాఠా నాయకుడు మురారిరావు అండ దొరికింది. మళ్లీ తలపడ్డాడు. ఈసారి హైదరు ఊరు పట్టుకున్నాడు, నంది కొండమీద తలదాచుకున్న నాయకుణ్ణి బందీ చేశాడు. 1791లో ఇంగ్లీషువాళ్లు నారాయణగౌడకు ఊరు తిరిగి ఇప్పించారు. టిప్పు మళ్లీ లాక్కున్నాడు. రెండు ఏనుగులు పోరాడుకుంటే నలిగేది నడుమనున్న పచ్చిక. ఈ ఊరి దొరతనానికి అదే గతి పట్టింది.

ఇక్కడ ఏం చూడాలి? కోటగోడ ఊళ్లో కలిసిపోయింది, వెతికినా పెద్దగా దొరకదు. అందుకని కందవార చెరువు కట్టమీదికి వెళ్లండి. ఒకవైపు నంది కొండలు, ఎదురుగా నీళ్లు, వెనక ఊరు. రాజధాని నక్షా అంతా అక్కడ కనిపిస్తుంది.

చెరువు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులుండేవి. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లు దాటితే గొప్ప అనుకునే వానను ఒక్క చుక్క పోకుండా పట్టడానికి వరస చెరువులు కట్టారు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు. తూము ఎత్తడానికి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటానికి నీరుగంటి ఉండేవాడు. ఊరంతా ఆయన మాట వినేది. చెరువు తవ్వించినవాడికి, గండి పూడ్పించినవాడికి మాన్యం ఇచ్చేవారు. దశబంధం, కట్టుకొడగె అని శాసనాల్లో కనిపించేవి అవే. పాలెగాడు పన్ను అడగడానికి హక్కు వచ్చింది ఇక్కణ్ణుంచే. చెరువు నిలబెట్టలేని దొరకు కోట ఎంత గట్టిదైనా కప్పం ముట్టదు.

ఆ కట్టడాలు ఇప్పుడు ఎలా ఉన్నాయో కూడా చూసి రావాలి. బోరుబావులు వెయ్యి అడుగులు దాటి దిగాయి. నీళ్లలో ఫ్లోరైడు పెరిగింది. చాలా చెరువుల్లో తుమ్మచెట్లు మొలిచాయి. ఇటీవల బెంగళూరులోని హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి గొట్టాల్లో ఇక్కడి చెరువులకు ఎత్తిపోస్తున్నారు. కందవార చెరువు అలా నిండినదే. బావుల్లో నీటిమట్టం పెరిగిందని సంతోషించేవాళ్లున్నారు. శుద్ధి ఇంకొక మెట్టు జరగాలని పోరాడుతున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోరిక న్యాయమైనది. తాతలు వాననీటితో నింపిన చెరువుకు మనం ఇచ్చే నీళ్లు అంతే నమ్మకంగా ఉండాలి.

ముద్దేనహళ్లిలో ఒక ఇల్లు

చిక్కబళ్ళాపురానికి దగ్గర్లోనే ముద్దేనహళ్లి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న పుట్టిన ఊరు. ఆయన పూర్వీకులు ఆంధ్రలోని గిద్దలూరు దగ్గరి మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మాట తెలుగు. తొలి చదువులు చిక్కబళ్ళాపురంలో. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల, దానికి దగ్గర్లో సమాధి.

పాలెగాళ్ల చరిత్రలో ఇంజినీరుకు చోటేమిటని అడగవచ్చు. ఈ సీమ నేర్పిన విద్యను దేశానికి చెప్పినవాడు ఆయన. వాన చుక్కకు విలువ తెలిసిన నేలలో పుట్టి, ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో తనంతట తానే తెరుచుకుని మూసుకునే తలుపులు అమర్చారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు మునిగాక, వరదను పైనే నిలబెట్టే జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సలహా ఫలితాలే. కావేరి మీద కృష్ణరాజసాగరానికి చీఫ్ ఇంజినీరుగా పనిచేశారు. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. 1955లో భారతరత్న. హైదరాబాదు నుంచి వచ్చే యాత్రికుడు ఆ ఇంటి గడప దగ్గర ఒక నిమిషం ఆగి దండం పెట్టడం ఋణం తీర్చుకోవడమే.

గుడిబండ: బండల్లో దాచిన వాన

ఇక ఉత్తరానికి. జాతీయ రహదారి మీద పెరేసంద్ర దాటాక పక్కదారి పడితే గుడిబండ వస్తుంది. ఊరి నెత్తిన సురసద్మగిరి, ఆ కొండమీద 17వ శతాబ్దపు కోట. కట్టించినవాడు హావళి భైరేగౌడ. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని ఊరి జనం ఈనాటికీ చెప్పుకుంటారు.

కోట అంతస్తులు అంతస్తులుగా పైకి పోతుంది. ఇరుకు ద్వారాలు, బండ సందుల్లో మెట్లు. ఎక్కేటప్పుడు గోడలకంటే బండల్లోని దొనల్ని చూడండి. వాన పడితే పై దొన నిండి, అది పొర్లితే కింది దొనలోకి జారేలా పందొమ్మిది దొనల్ని ఒకదానితో ఒకటి కలిపారని చెబుతారు. నేలమీద వరస చెరువుల్లో చూసిన కిటుకే కొండమీద బండల్లో చేశారు. పైనుంచి చూస్తే భైరసాగరం పరుచుకుని కనిపిస్తుంది. కొండల మధ్య కట్ట వేసి నిలిపిన ఆ చెరువు ఆకారం భారతదేశ పటంలా ఉందని పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. ఊళ్లో రెండు జైన బసదులున్నాయి. కొండమీద శివుడు, కింద జినుడు, మధ్యలో నీళ్లు. చిన్న రాజధానే అయినా ఒక మతానికి పరిమితమైన ఊరు కాదు.

బాగేపల్లి, గుమ్మనాయకనపాళ్యం

బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లు వచ్చేసరికి బాగేపల్లి. ఇంకాస్త ముందుకు పోతే ఆంధ్ర సరిహద్దు. 2025 జూలైలో కర్ణాటక మంత్రివర్గం నంది కొండమీద సమావేశమై ఈ ఊరికి భాగ్యనగర అని పేరు పెట్టాలని నిర్ణయించింది. నోటికి అలవాటైన పేరు మాత్రం ఇంకా బాగేపల్లే.

మొదట గడిదం వెంకటరమణస్వామి గుడి చూడండి. ఊరికి దగ్గరే, దేవరగుడిపల్లిలో. జనమేజయుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. కళ్లకు కనిపించే శిల్పం విజయనగర కాలపు పని. పెనుకొండ, లేపాక్షి చూసి వచ్చినవాళ్లు ఆ చేతివాటాన్ని ఇక్కడ సులభంగా గుర్తుపడతారు.

తర్వాత ఇదే తాలూకాలోని గుమ్మనాయకనపాళ్యం. ఈ సీమ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాజధాని ఇదే. అందరూ మరిచిపోయినదీ ఇదే. ఖాద్రిపతి నాయకుడు ఈ వంశానికి ఆద్యుడని, కదిరివైపు నుంచి వచ్చాడని చెప్పుకుంటారు. తర్వాత గుమ్మనాయకుడు కొండకోట కట్టి తన పేరు నిలబెట్టుకున్నాడు. తరాల తరబడి చుట్టుపక్కల సీమ మొత్తం ఈ కొండవైపే చూసింది. ఇప్పుడు పైన ద్వారాలున్నాయి, కూలుతున్న బురుజులున్నాయి, రాతి దొనలున్నాయి. టికెట్టు లేదు, బోర్డులు సరిగా లేవు, తాగునీరు అమ్మే అంగడి లేదు. నిధులకోసం తవ్విన గోతులు అక్కడక్కడా మనసును కలుక్కుమనిపిస్తాయి. పాలెగాళ్ల కోటల్లో నిధులుంటాయన్న భ్రమ వాటిని ఫిరంగులకంటే ఎక్కువ పాడుచేసింది. అక్కడున్న నిధి ఆ నీటి దొనలే.

ఎక్కేవాళ్లు నీళ్లసీసా తీసుకెళ్లండి. ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకుని, వాళ్ల పూటకూలి ఇవ్వండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ బురుజుకు ఏ పేరో, ఏ దొనలో నీళ్లు ఎండవో వాళ్లు చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు.

చింతామణి, కైవారం

తూర్పున చింతామణి. మరాఠా నాయకుడు చింతామణిరావు పేరుమీద వెలసిన ఊరు. పాలెగాళ్ల కాలం దాటి వర్తకుల కాలంలో పెరిగింది. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చే దారిలో శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు తగులుతుంది. పొద్దున్నే వేలం జరిగేటప్పుడు ఒకసారి చూడండి. రైతు చేతుల్లో తెల్లగా మెరిసే గూళ్లు, వేలం పాట, తెలుగు కన్నడం ఉర్దూ కలిసిన మాటలు. ఊరికి దగ్గర్లో అంబాజీదుర్గం, రహమాన్‌గఢ్ అనే రెండు కొండకోటలు నిలబడి ఉన్నాయి.

చింతామణి తాలూకాలోనిదే కైవారం. ఇక్కడి రాజధానికి రాజు లేడు. గాజులు అమ్ముకునే నారాయణప్ప ఇల్లు వదిలి తపస్సు చేసి యోగి నారేయణుడయ్యాడు. జనం కైవారం తాతయ్య అని పిలుచుకుంటారు. 1726లో పుట్టి 1836లో జీవసమాధి అయ్యారని భక్తుల లెక్క. అంటే చిక్కబళ్ళాపురం కోట హైదరుకు లొంగడం, నంది కొండమీద ఫిరంగులు పేలడం, టిప్పు పడిపోవడం, అన్నీ ఆయన జీవితకాలంలోనే జరిగాయి. దొరలు మారుతున్న ఆ రోజుల్లో ఆయన తెలుగులో, కన్నడంలో కీర్తనలు కట్టారు, కాలజ్ఞానం చెప్పారు. అమరనారేయణస్వామి గుడి, తాతయ్య మఠం, పక్క ఊరు ఆలంబగిరిలోని వెంకటరమణస్వామి గుడి తప్పక చూడండి. గురుపౌర్ణమికి వెళ్లగలిగితే మూడు రోజులు రాత్రింబవళ్లు సాగే సంగీతోత్సవం వినవచ్చు.

అదే తాలూకాలోని మురుగమల్లలో అమ్మాజాన్ బావాజాన్ దర్గా ఉంది. ఊళ్లోనే ముక్తీశ్వరుడి గుడి. రెండు చోట్లకూ రెండు మతాలవాళ్లూ వెళ్తారు. సైన్యాలు తొక్కిన నేలలో మనుషులు కలిసి బతకడం ఎలా నేర్చుకున్నారో తెలియాలంటే ఆ ఊరు చూడాలి.

ఎలా వెళ్లాలి, ఏం తినాలి

రెండు రోజులు చాలు, మూడైతే సుఖం. మొదటిరోజు నంది గుడి, కొండ, ముద్దేనహళ్లి, సాయంత్రానికి కందవార కట్ట. రెండోరోజు పొద్దున్నే గుడిబండ, ఎండ తగ్గాక గుమ్మనాయకనపాళ్యం, రాత్రికి బాగేపల్లి. మూడోరోజు శిడ్లఘట్ట మీదుగా చింతామణి, కైవారం. వానలు వెలిసిన అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. రాగిముద్ద, ఆకుకూర పులుసు ఎప్పుడూ దొరుకుతాయి. చలికాలంలో అనపకాయలు వస్తాయి. నానబెట్టి పైపొట్టు పితికి చేసే పితికిన పప్పు తినకుండా ఈ సీమ దాటకండి. నంది లోయలో పండే నల్ల ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ ఊళ్లు తిరిగివచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి చెబుతాను. రాజ్యం ఎంత పెద్దదన్నదాన్ని బట్టి రాజధానిని కొలవడం మనకు అలవాటు. ఈ పాలెగాళ్లు ఏలినది నాలుగైదు మైళ్ల చుట్టుకొలత అయినా, వాళ్లు కట్టించిన చెరువు కింద ఇప్పటికీ మడి పండుతోంది, వాళ్లు నిలబెట్టిన గుడి ముందు ఇప్పటికీ జాతర జరుగుతోంది. అయిదు శతాబ్దాలకు పనికొచ్చే కట్టడం కట్టినవాడిని చిన్నదొర అనడం సరికాదు. పురావస్తు శాఖ గోడల్ని కాపాడినట్టే నీటి దొనల్ని, తూముల్ని, అలుగుల్ని కూడా చారిత్రక కట్టడాలుగా కాపాడాలి. పంచాయతీలు వాటి పూడిక తీయించాలి. చూడటానికి వెళ్లే మనం వాటిలో ప్లాస్టిక్ సీసా పడేయకుండా, బండమీద పేరు చెక్కకుండా రావాలి. ఇవి జరిగితే ఈ రాజధానులు మన మనవల కాలానికీ నిలుస్తాయి.

(వచ్చే భాగంలో: గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థం. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయడానికి కూడిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. దొరలు లేని కాలంలో ఈ సీమ జనం తామే రాజ్యమని ఎలా నిరూపించుకున్నారో ఆ కథ.)